గింబ్రీ పక్కన పియానో: గ్నావా, జాజ్, పూనకం

మీరు అడిగినవి మూడు. ఆఫ్రికా సంగీతకారులూ జాజ్ వాళ్లూ కలిసి వాయిస్తే ఏదో దైవశక్తి దిగుతుందని ఆల్బమ్‌ల మీద రాస్తుంటారు, అది నిజమా, అమ్ముకోవడానికి చెప్పే మాటా అన్నది మొదటిది. అమెరికా జాజ్ శాక్సఫోన్ వాద్యకారుడు ఫారో శాండర్స్, మొరాకో గ్నావా గురువు మహ్మూద్ గనియా కలిసి 1994లో చేసిన రికార్డు పెట్టుకుంటే ఇరవై నిమిషాలకే ఒకటే గోలగా అనిపించి ఆపేశాను, లోపం నాలో ఉందా అన్నది రెండోది. మా బ్యాండ్‌లోకి కొలుపుల్లో జమిడిక అనే తీగ వాద్యం వాయించే బైండ్ల పెద్దాయన్ని తీసుకొచ్చి, ఎల్లమ్మ పాటకు శాక్సఫోన్ కలిపి ప్రోగ్రాం చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి అన్నది మూడోది. నా దృష్టిలో మూడూ ఒకటే ప్రశ్న, అందుకే కలిపి చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు నేనెవరో రెండు ముక్కలు. చిన్నప్పుడు కాకినాడలో ఎనిమిదేళ్లు మృదంగం నేర్చుకున్నాను, కచేరీలదాకా వెళ్లలేదు. ఉద్యోగం ఎరువుల ప్లాంట్లలో. ఆ పని మీదే 2007 నుంచి మూడేళ్లు మొరాకోలో సాఫీ అనే ఊళ్లో ఉన్నాను. అక్కణ్ణుంచి సముద్రం వెంబడి దక్షిణంగా రెండు గంటలు వెళ్తే ఎస్సవీరా వస్తుంది. గ్నావా సంగీతానికి పెద్ద ఊరు అది. జాజ్ అంతకుముందునుంచే వింటున్నాను. అక్కడికి వెళ్లాకే నేను విన్నదాంట్లో సగం నాకు అర్థం కాలేదని తెలిసింది.

గ్నావా అంటే ఎవరో తెలియకపోతే మీ ప్రశ్నకు జవాబు దొరకదు. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న దేశాలనుంచి శతాబ్దాలపాటు మనుషుల్ని బానిసలుగా, సైనికులుగా ఉత్తరానికి నడిపించి తీసుకొచ్చారు. వాళ్ల వారసులే మొరాకోలో గ్నావాలు. ముస్లింలు. తమ ఆధ్యాత్మిక వంశాన్ని బిలాల్‌తో మొదలుపెడతారు. బిలాల్ అంటే బానిసత్వంనుంచి విడుదలై, ప్రవక్త కాలంలో మొట్టమొదట అజాన్ పిలిచిన నల్లజాతి మనిషి. వాళ్ల పాటల్లో అల్లానూ, ప్రవక్తనూ, పీర్లనూ తలుచుకుంటారు, దాంతోపాటు పశ్చిమ ఆఫ్రికా భాషలైన బంబారా, హౌసా మాటలు కూడా దొర్లుతాయి, వాటిలో కొన్నిటికి అర్థం ఇప్పుడు పాడేవాళ్లకే తెలియదు. అయినా ఒక్క అక్షరం మార్చరు. తాతలు ఏ ఊరినుంచి వచ్చారో చెప్పే కాగితం వాళ్ల దగ్గర ఏదీ లేదు, ఆ మాటలే ఉన్నాయి.

వాయిద్యాలు రెండే ముఖ్యం. గింబ్రీ: ఒకే దుంగను తొలిచి, పైన ఒంటె చర్మం బిగించి, మూడు పేగు తీగలు కట్టిన వాయిద్యం. శబ్దం మన చెవికి సగం తంబురాలాగా, సగం మృదంగం తొప్పిలాగా ఉంటుంది, ఎందుకంటే తీగ మీటుతూనే అదే చేత్తో చర్మాన్ని కొడతారు. అది వాయించే గురువును మాలెమ్ అంటారు. రెండోది క్రాకెబ్: ఇనప చిడతలనుకోండి, కానీ పెద్దవి, బరువైనవి, ఒక్కో చేతిలో ఒక జత. ఆ చప్పుడు కాళ్లకు వేసిన సంకెళ్ల చప్పుడేనని అక్కడ ఎవరినడిగినా చెప్తారు.

ఇక లీలా. మన లీల కాదు, అరబిక్‌లో రాత్రి అని అర్థం. సాయంత్రం మొదలై తెల్లారేదాకా జరిగే తంతు. తెలుగువాళ్లకు దాన్ని వివరించడానికి ఒక్క మాట చాలు, కొలుపు. ఇంట్లో ఎవరికో బాగోలేదు, లేదా మొక్కు ఉంది, మాలెమ్‌ను పిలుస్తారు, అర్ధరాత్రి దాటాక ఒక్కొక్క శక్తినీ దాని పాటతో, దాని రంగు గుడ్డతో, దాని ధూపంతో పిలుస్తారు. ఆకుపచ్చ ప్రవక్త వంశీకులైన పీర్లది. సీదీ హమ్మూది ఎరుపు, రక్తం ఆయనది. సీదీ మూసాది నీలం, సముద్రం ఆయనది. లల్లా మీరాది పసుపు. ఆ రాత్రంతా నడిపించేది మాలెమ్ ఒక్కడే కాదు, మొకద్దెమ అనే ఆవిడ ఉంటుంది, ధూపం ఎప్పుడు వెయ్యాలో, ఎవరి మీద ఏ గుడ్డ కప్పాలో, ఎవరిని పట్టుకోవాలో ఎవరిని వదిలెయ్యాలో నిర్ణయం ఆవిడదే. దీన్ని యునెస్కో 2019లో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. ఎస్సవీరాలో 1998నుంచి ఏటా పెద్ద గ్నావా ఉత్సవం జరుగుతోంది. కానీ స్టేజీ మీద చూసేది వేరు, ఇంట్లో చూసేది వేరు.

నేను ఇంట్లో చూసింది రెండుసార్లు. మొదటిది చెప్తాను.

మా ప్లాంట్‌లో పనిచేసే ఒక ఫోర్‌మన్ వాళ్ల పిన్ని ఇంట్లో లీలా. నేను మృదంగం నేర్చుకున్నానని తెలిసి తీసుకెళ్లాడు. వీధిలోంచి డోళ్లతో ఊరేగింపుగా వచ్చారు, గుమ్మం దగ్గర అందరికీ పాలు, ఖర్జూరం ఇచ్చారు. లోపల వాకిట్లో చాపలు. నిప్పుల మీద ధూపం వెయ్యగానే నా ఒళ్లు జలదరించింది, అది సాంబ్రాణి. వాళ్లు దాన్ని జావీ అంటారు, పదార్థం మాత్రం మన సాంబ్రాణే. అంత దూరంలో, ముక్కూ మొహం తెలియని వాళ్ల మధ్య, మా అమ్మ శుక్రవారం పూట ఇల్లంతా తిప్పే పొగ.

రాత్రి రెండు దాటాక నీలం రంగు వంతు వచ్చింది. అప్పటిదాకా గోడకు ఆనుకుని, అడుగు తీసి అడుగు వెయ్యలేనట్టు కూర్చున్న ఒక ఆవిడ, యాభై ఏళ్లుంటాయి, మెల్లిగా ముందుకు జరిగింది. మొకద్దెమ ఆవిడ తల మీద నీలం గుడ్డ కప్పింది. తర్వాత నీళ్ల గిన్నె ఒకటి ఆవిడ తల మీద పెట్టారు. ఆవిడ ఆ గిన్నెతోనే లేచి, చేతులు ఈదుతున్నట్టు కదుపుతూ ఆడింది. నేను గిన్నెవైపు చూస్తున్నాను. మాలెమ్ మాత్రం ఆవిడ భుజాలవైపు చూస్తున్నాడు. కన్ను తిప్పలేదు. అదే చిన్న పలుకు, నాలుగే స్వరాలు, మళ్లీ మళ్లీ మళ్లీ వాయిస్తున్నాడు, భుజం కాస్త వణికితే తీగ కాస్త గట్టిగా పడుతోంది, అడుగు బరువైతే చర్మం మీద దెబ్బ పెరుగుతోంది, ఆవిడ తడబడితే అతను వేగం పెంచకుండా బిగబట్టి ఉంచుతున్నాడు. ఎంతసేపో లెక్కపెట్టలేదు, అరగంట పైనే. మధ్యలో ఆపకూడదు. పిలిచిన శక్తి తృప్తి పడకముందే వాయిద్యం ఆపేస్తే ఆ మనిషి సంగతి ఏమవుతుందోనన్న భయం ఆ గదిలో ప్రతి ఒక్కరి మొహంలోనూ కనబడింది. చివరికి ఆవిడ కూలినట్టు కూర్చుంటే మొహం మీద నారింజ పూల నీళ్లు చల్లారు. తెల్లారి ఆవిడే టీ పోసి అందరికీ ఇచ్చింది, నాకు రెండో గ్లాసు కూడా పోసింది.

దీనికి వైద్యుడు ఒక పేరు చెప్తాడు, ముల్లా ఒక పేరు చెప్తాడు. నాకు తెలిసింది నేను చెప్తాను. అక్కడ శక్తి ఉంది, నేను చూశాను. కానీ అది ఆ నాలుగు స్వరాల్లో లేదు. ఆ స్వరాలు, ఆవిడ భుజాల మీదనుంచి కదలని మాలెమ్ చూపు, మొకద్దెమకు ఆ మనిషి గురించి ఎన్నో ఏళ్లుగా తెలిసిన సంగతులు, ఆ రంగు, ఆ పొగ, చుట్టూ ఉన్న బంధువులు, అన్నీ ఒక మనిషి కోసం ఒక రాత్రి ఒకచోట కలవడంలో ఉంది. ఆ సంగీతం సేవ. లేచి ఆడే మనిషికి సేవ, ఆ మనిషి మీదికి వచ్చేదానికి సేవ. కూర్చుని వినే నాకోసం కాదు. మీకు రికార్డు గోలగా అనిపించడానికి కారణం ఇదే, మీలో లోపమేమీ లేదు. ఎవరికోసం వాయిస్తున్నారో ఆ మనిషి మీకు కనబడటం లేదు, అంతే. కొలుపులో జమిడిక ఒక్కటే రికార్డు చేసి, పూనకం వచ్చిన శివసత్తిని చూపించకుండా వినిపిస్తే తెలియనివాళ్లకు అదీ అలాగే ఉంటుంది.

మరి ఇందులో జాజ్‌కు ఏం పని?

ఇక్కడ ర్యాండీ వెస్టన్ గురించి చెప్పకుండా ముందుకు పోలేను. 1926లో బ్రూక్లిన్‌లో పుట్టాడు, 2018లో పోయాడు, ఆరున్నర అడుగుల పైన మనిషి, పియానో వాద్యకారుడు. వాళ్ల నాన్న చిన్నప్పటినుంచీ ఒకటే చెప్పేవాడట, నువ్వు అమెరికాలో పుట్టిన ఆఫ్రికావాడివి అని. అది ఆయన మనసులో నాటుకుపోయింది. 1960లోనే ఆఫ్రికా స్వాతంత్ర్యం మీద, కవి లాంగ్‌స్టన్ హ్యూస్ మాటలతో, మెల్బా లిస్టన్ అనే గొప్ప మహిళ చేసిన వాద్య అమరికతో పెద్ద బృందాన్ని పెట్టి 'ఉహురు ఆఫ్రికా' రికార్డు చేశాడు. వర్ణవివక్ష నడుస్తున్న దక్షిణాఫ్రికాలో దాన్ని నిషేధించారు. 1967లో అమెరికా ప్రభుత్వం తరఫున పశ్చిమ, ఉత్తర ఆఫ్రికాల్లో 14 దేశాలు తిరిగాడు, చివరి మజిలీ మొరాకో. తర్వాత పిల్లల్ని తీసుకుని అక్కడికే వెళ్లి, టాంజియర్‌లో క్లబ్ పెట్టి 1972 దాకా ఉన్నాడు.

టాంజియర్‌లో ఆయనకు అబ్దుల్లా ఎల్ గూర్ద్ అనే గ్నావా సంగీతకారుడు పరిచయమయ్యాడు. అప్పట్లో రేడియో స్టేషన్‌లో ఉద్యోగం చేస్తూ గింబ్రీ వాయించేవాడు, తర్వాత పెద్ద మాలెమ్ అయ్యాడు. వాళ్ల స్నేహం దాదాపు యాభై ఏళ్లు సాగింది. వెస్టన్ పట్టుబట్టి ఒక లీలాకు వెళ్లాడు, నీలం రంగు, సీదీ మూసా పాట ఆయన్ని పట్టేసింది, తర్వాత కొన్ని రోజులపాటు ఆ మత్తులోనే ఉన్నానని తన ఆత్మకథలో చెప్పుకున్నాడు. ఆ పాట ఆధారంగా పియానో మీద ఒక రచన చేశాడు, పేరు బ్లూ మోజెస్. మూసా అంటే మోజెస్, రంగు నీలం.

ఆ రచన పూర్తయ్యాక ఏమైందో చూడండి. టాంజియర్‌లో గ్నావాల పెద్ద దాన్ని బయట వాయించొద్దన్నాడు, అది పవిత్రమైన పాట అన్నాడు. వెస్టన్ వాయించలేదు. క్లబ్ తనది, పియానో తనది, అడ్డుకునేవాళ్లు ఎవరూ లేరు, అయినా వాయించలేదు. సుమారు ఏడాది తర్వాత మళ్లీ వెళ్లి, ఈ సంగీతం లోకం వినాల్సిన సమయం వచ్చిందనుకుంటున్నాను అని అడిగాడు. పెద్దాయన సరేనన్నాడు. 1972లో ఆ పేరుతోనే ఆల్బమ్ వచ్చింది.

ఈ ఏడాది నిరీక్షణ గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. జాజ్‌లో ఎవరి పాటైనా ఎవరైనా తీసుకోవచ్చు, తిప్పొచ్చు, విరగ్గొట్టొచ్చు, అదే దాని అందం. అలాంటి చోట పెరిగిన మనిషి, ఈ పాటకు యజమానులున్నారు, వాళ్లకూ పైన ఇంకెవరో ఉన్నారు అని ఒప్పుకుని ఆగాడు. తర్వాత ఆయన వాయించినప్పుడల్లా ఎడమ చెయ్యి వినండి. పియానోలో అట్టడుగు మెట్ల మీద గింబ్రీ పలుకునే పట్టుకుని తిప్పుతుంటాడు, కుడి చెయ్యి చాలాసేపు ఏమీ అనదు. పియానోను గింబ్రీకి శిష్యుణ్ణి చేశాడు. 1992లో మరాకెష్‌లో మొరాకో నలుమూలలనుంచి గ్నావా మాలెమ్‌లను ఒకచోట చేర్చి రికార్డు చేసినప్పుడు తన పేరుతో వచ్చిన ఆ ఆల్బమ్‌లో ఆయన పియానో వినపడేది ఒకే ఒక్క పాటలో, దాని పేరు చలబాతి. మిగతాదంతా మాలెమ్‌లదే. స్టార్ పేరు మీద అమ్ముడయ్యే రికార్డులో స్టార్ పక్కకు తప్పుకోవడం నేను ఇంకెక్కడా అంతగా చూడలేదు.

మీరు అడిగిన ఆ 'శక్తి' మాట గురించైతే, 1999లో బ్రూక్లిన్‌లోని లఫయెట్ ఎవెన్యూ ప్రెస్బిటేరియన్ చర్చిలో వెస్టన్ బృందమూ టాంజియర్, మరాకెష్ గ్నావాలూ కలిసి వాయించిన కచేరీ రికార్డు ఉంది, పేరే 'స్పిరిట్! ద పవర్ ఆఫ్ మ్యూజిక్'. బానిసత్వాన్ని ఎదిరించినవాళ్లు నడిపిన పాత చర్చి అది. సహారా దాటించి ఉత్తరానికి తోలిన మనుషుల వారసులు, అట్లాంటిక్ దాటించి పడమరకు తోలిన మనుషుల వారసులు, ఒకే గదిలో. గింబ్రీ మొదలవగానే వెస్టన్ బృందంలోని అలెక్స్ బ్లేక్ బాస్ మీద తీగల్ని మీటడంతోపాటు చేత్తో కొడుతూ అందుకుంటాడు, రెండిట్లో ఏది ఆఫ్రికాది ఏది అమెరికాది అని విడదియ్యడం కష్టం. వెస్టన్ మొదటిసారి గ్నావాలను విన్నప్పుడు బ్లూస్, నల్లవాళ్ల చర్చి, జాజ్ మూడూ ఒకేసారి వినపడ్డాయని చెప్పేవాడు. ఆ రికార్డు వింటే ఆ మాట మనకే అర్థమవుతుంది.

కాస్త లయ సంగతి, తాళం తెలిసినవాళ్లకోసం. క్రాకెబ్ నడకను మొదటి రాత్రి నేను తిశ్రం అనుకున్నాను. పది నిమిషాలకు చతురశ్రం అనిపించింది. మళ్లీ తిశ్రం. తెల్లవారి మాలెమ్ ముందు మోకాలి మీద తకిట వేసి చూపిస్తే తల అడ్డంగా ఊపాడు, తకధిమి వేస్తే మళ్లీ ఊపాడు, నా చెయ్యి పట్టుకుని గింబ్రీ చర్మం మీద తనే కొట్టించాడు. దెబ్బ ఆ రెండిటికీ మధ్యలో పడుతోంది. కాగితం మీద దానికి చోటు లేదు. వేగం పెరిగేకొద్దీ ఒక వైపునుంచి ఇంకో వైపుకు జారుతుంది, ఆ జారుడులోనే ఆడే మనిషి కాళ్లు నేలను వదులుతాయి. జాజ్‌లో స్వింగ్ అనేది కూడా సరిగ్గా ఇలాంటిదే, సగానికీ మూడింట రెండు వంతులకూ మధ్య ఎక్కడో పడే దెబ్బ, తీరిగ్గా ఉన్నప్పుడు ఒకలా, వేగంలో ఇంకోలా. ఒకరికొకరు రాసిన స్వరాలు చూపించుకోకుండానే ఈ రెండు రకాల వాళ్లు కలిసి వాయించగలగడానికి నాకు తెలిసి పెద్ద కారణం ఇది. రెండో కారణం, ముందు చెప్పిన ఆ చూపు. మాలెమ్ భుజాలను చూసి వాయించినట్టే మంచి జాజ్ డ్రమ్మర్ సోలో వాయించేవాడి ఊపిరిని చూసి వాయిస్తాడు. చూడ్డం వాళ్లకు ముందే వచ్చు. ఎవరికోసం చూడాలన్నదే కొత్తగా నేర్చుకోవాలి.

ఇప్పుడు మీరు ఆపేసిన రికార్డుకు వద్దాం. ఫారో శాండర్స్ 1940లో లిటిల్ రాక్‌లో పుట్టాడు, చర్చిలో క్లారినెట్‌తో మొదలుపెట్టాడు, తర్వాత జాన్ కోల్ట్రేన్ అనే జాజ్ శాక్సఫోన్ దిగ్గజం పక్కన నిలబడి శాక్సఫోన్‌ను ఏడిపించాడు, అరిపించాడు. కోల్ట్రేన్ 1964 డిసెంబరులో చేసిన 'ఎ లవ్ సుప్రీమ్' నిలువునా ఒక ప్రార్థన. 1967 ఏప్రిల్‌లో, పోవడానికి మూడు నెలల ముందు, ఆయన వాయించింది హార్లెమ్‌లో నైజీరియా డ్రమ్ముల గురువు బాబాతుండే ఒలాతుంజీ నడిపే ఆఫ్రికా సంస్కృతి కేంద్రంలో. ఆరోజు ఫారో పక్కనే ఉన్నాడు. అంటే 1994లో ఎస్సవీరాకు వచ్చేనాటికి ఆ మనిషి దాదాపు ముప్ఫై ఏళ్లుగా ఆ దారిలోనే నడుస్తున్నాడు.

మహ్మూద్ గనియాది మాలెమ్‌ల, మొకద్దెమల ఇల్లు. 1951లో పుట్టి 2015లో పోయాడు. ఆ రికార్డులో గింబ్రీ అతనిది, గొంతు అతనిది, వెనక పాడేవాళ్లు అతని మనుషులు. ఫారో పాటల్ని మార్చలేదు. పిలుపు మాలెమ్ ఇస్తాడు, జవాబు గుంపు ఇస్తుంది, ఆ జవాబులోకి శాక్సఫోన్ కూడా ఇంకో గొంతుగా దూరుతుంది. చాలాచోట్ల ఊరుకుంటుంది కూడా. ఎస్సవీరాలో శాంతి అనే అర్థం వచ్చే పేరుతో ఒక పాట ఉంది, అది సోనీ షారక్ అనే గిటార్ వాద్యకారుడికి నివాళి. సోనీ ఫారోకు పాత సహచరుడు, ఆ రికార్డింగ్‌కు కొద్దిరోజుల ముందు 1994 మే నెలాఖర్లో పోయాడు. అక్కణ్ణుంచి మొదలుపెట్టండి. చనిపోయిన స్నేహితుడి కోసం వాయిస్తున్నాడని తెలిసి వింటే, ఎవరికోసం వాయిస్తున్నారన్న ఆ ఖాళీ నిండుతుంది. తర్వాత మిగతా పాటలకు వెళ్లండి, హెడ్‌ఫోన్స్‌లో కాకుండా బాస్ బాగా పలికే స్పీకర్లలో, ఫోన్ పక్కన పెట్టి. మొదటి ఐదు నిమిషాలు గింబ్రీ తప్ప ఇంకేమీ పట్టించుకోకండి.

అన్ని కలయికలూ ఇలా ఉండవని కూడా చెప్పాలి. నేను విన్న ఒక ఫ్యూజన్ కచేరీలో, ఏ ఊరో ఏ బ్యాండో ఇక్కడ అనవసరం, మాలెమ్‌ను వేదిక మూలన కూర్చోబెట్టారు, గింబ్రీకి మైకు సరిగ్గా లేదు, డ్రమ్ సెట్ దాన్ని మింగేసింది. మాలెమ్ పాట ఎత్తుకున్న నాలుగో నిమిషంలో గిటార్ సోలో మొదలైంది, పాట అక్కడే తెగిపోయింది. సీదీ మూసా పాట అది. ముందు వరసలో కూర్చున్న మొరాకో ముసలావిడ ఒకరు రెండు చేతులూ మొహం మీద పెట్టుకున్నారు. మాలెమ్ ఏమీ అనలేదు, తీగ మీద చెయ్యి ఆనించి ఆపాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మన దగ్గరికి వచ్చేముందు రెండు సంగతులు. ఒకటి, ఆఫ్రికా మనకు అంత దూరం ఏమీ కాదు. హైదరాబాద్‌లో మాసబ్‌ట్యాంక్ పక్కనున్న ఏసీ గార్డ్స్ పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం గుర్రపు దళంలో పనిచేసిన సిద్దీల బస్తీ అది. పాతబస్తీ పెళ్లి బరాత్‌లో మోగే మర్ఫా యెమెన్ అరబ్బులతో, ఈ సిద్దీలతో వచ్చి ఇక్కడ స్థిరపడిన వాద్యం. తెల్లారగట్ల ఆ లయ ముదిరినప్పుడు కుర్రాళ్ల మొహాలు చూడండి. రెండోది, కోల్ట్రేన్ భార్య ఆలిస్ కోల్ట్రేన్, తనే గొప్ప పియానో, హార్ప్ వాద్యకారిణి, పుట్టపర్తి సత్యసాయి భక్తురాలు. 1980లలో కాలిఫోర్నియాలో ఆశ్రమం పెట్టి (దాని పేరే తర్వాత సాయి అనంతం అయింది), మన భజనల్ని నల్లవాళ్ల చర్చి పాటల ఊపుతో, ఆర్గన్‌తో, చప్పట్లతో పాడించింది. ఆ ఆశ్రమం 2018 కార్చిచ్చులో కాలిపోయింది, ఆ భజనల రికార్డులు మిగిలాయి. వాటిలోనూ ఆవిడ తన పాండిత్యం చూపించదు, పాడే గుంపును మోస్తుంది.

ఇక మీ మూడో ప్రశ్న. మీరు తీసుకురావాలనుకుంటున్నది ఒక వాయిద్యాన్ని కాదని ముందు మనసులో పెట్టుకోండి. జమిడిక లోపలి తీగను బిగిస్తూ వదులుతూ ఆయన పలికించే ఆ శబ్దం మీ శాక్సఫోన్ వాయించే కుర్రాడికి 'కొత్త సౌండ్'. ఆయనకు మాత్రం అది అమ్మవారిని పిలిచే గొంతు. రిహార్సల్‌కు ఆయన్ని పిలవకముందే మీ బ్యాండ్ అంతా ఆయన వెళ్లే కొలుపుకు ఒకసారి వెళ్లండి, వాయిద్యాలు లేకుండా, రికార్డింగ్ లేకుండా, రాత్రంతా కూర్చోండి. పొద్దున్నదాకా ఉండలేమంటే ప్రోగ్రాం ఆలోచన అక్కడే ఆపెయ్యండి, అది సోమరితనమని కాదు, ఆ పాట ఎక్కడ మొదలై ఎక్కడ తీరుతుందో తెలియకుండా దాన్ని పది నిమిషాలకు కుదించలేరని.

తర్వాత ఆయన్ని సూటిగా అడగండి. పెద్దయ్యా, ఇందులో వేదిక మీద పాడదగ్గవి ఏవి, పాడకూడనివి ఏవి అని. కొన్ని వినోదం కోసం పాడేవి ఉంటాయి, కొన్ని కథ చెప్పేవి, కొన్ని పిలిచేవి. గ్నావాల లీలాలో కూడా అర్ధరాత్రికి ముందు భాగం ఆటపాట, ధూపం వేశాకే అసలు తంతు. ఆ గీత ఎక్కడుందో ఆయనకు తెలుసు, మీకు తెలియదు. స్టేజీ మీద జనంలో ఎవరికైనా పూనకం వస్తే ఏం చెయ్యాలో కూడా ముందే ఆయనతో మాట్లాడుకోండి, ఇది నిజంగా జరుగుతుంది, అప్పుడు మీకు టెన్షన్, ఆ మనిషికి ప్రమాదం. అలాంటప్పుడు ఎప్పుడు ఆపాలో, ఆపకూడదో నిర్ణయం ఆయనదే అని డ్రమ్మర్‌తో సహా అందరూ ఒప్పుకోవాలి. ఆయనకు తోడుగా వంత పాడేవాళ్లను ఆయన్నే తెచ్చుకోమనండి, ఒంటరిగా కూర్చోబెట్టకండి, పిలుపుకు జవాబు రాకపోతే ఆ పాట నిలబడదు. పేమెంట్ మీలో అందరికన్నా ఎక్కువ తీసుకునేవాళ్లతో సమానంగా ఇవ్వండి, పోస్టర్ మీద పేరు ముందు ఆయనది వెయ్యండి. వేగం ఆయన చెయ్యి చెప్పినట్టే. మెట్రోనోమ్ క్లిక్ పెట్టుకుని వాయించే అలవాటుంటే ఆ రోజుకు తీసెయ్యండి. సౌండ్ చెక్‌లో మొదట జమిడికకు మైకు పెట్టి, దాని శబ్దం హాలు చివరిదాకా వినబడేలా చూసుకుని, ఆ తర్వాతే మిగతావాటి వాల్యూమ్ ఒక్కొక్కటీ పెంచండి.

శాక్సఫోన్ కుర్రాడికి ఒక్క పని చెప్పండి. మొదటి మూడు రిహార్సల్స్‌లో వాయించకుండా, వంత వాళ్లతో కలిసి నోటితో పాడమనండి. నాలుగోసారి తనే తెలుసుకుంటాడు ఎక్కడ ఊదాలో.

మీరు రాసినదాన్ని బట్టి మీకు బాగా నచ్చిన ఆ ఎల్లమ్మ పాట బహుశా పిలిచే పాటే. పెద్దాయన దాన్ని వద్దనే అవకాశం ఉంది. వద్దంటే బతిమాలకండి, డబ్బు పెంచి అడగకండి. ఆ పాట లేకుండానే సెట్‌లిస్ట్ రాసుకోండి, ప్రోగ్రాం చెయ్యండి, వచ్చే ఏడాది మళ్లీ ఆయన ఇంటికి వెళ్లి అడగండి.